చక్రము వెడల్పు, ఆఫ్‌సెట్ : కొనుటకు ముందు వేయవలసిన లెక్క



గడచిన వర్షకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు గణితపు గంట ముగిసిన పిమ్మట నా యొద్దకు వచ్చి ఒక కాగితపు ముక్కను చూపెను. దానిపై “15 × 8 జె, −19, టైరు 235/75 ఆర్ 15” అని వ్రాసియుండెను. వాని తండ్రి డెంకణికోట ప్రాంతమున సేద్యము చేయు రైతు. తోటకు పోవు మట్టిదారి వానలకు బురదయైనపుడు బండి దిగబడుచున్నదని, చీటీ పాడి తెచ్చిన సొమ్ముతో వెడల్పైన చక్రములు వేయింప తలపెట్టినాడు. “ఐదు బోల్టులును సరిగా పడినవి, చక్రము సరిపోయినట్లే” అని అంగడివాడు చెప్పెనట. “అయ్యవారూ! ఈ తీసివేత గుర్తునకు అర్థమేమి?” అని ఆ బాలుడు అడిగినాడు.

ఆ ప్రశ్నయే ఈ పాఠమునకు మూలము. దీనికి కావలసిన గణితము కూడిక, తీసివేత, సగము చేయుట మాత్రమే. కాని ఆ చిన్న లెక్క వేయకపోయినచో నష్టపడునది సొమ్ము మాత్రమే కాదు. ఆ బండిలో కూర్చుండువారి క్షేమము కూడ.

చక్రము భాగములు

మనము వాడుకగా చక్రమని పిలుచుదానిలో రెండు వస్తువులున్నవి. ఒకటి లోహముతో చేసిన రిమ్ము, రెండవది దానిపై ఎక్కించు రబ్బరు టైరు. రిమ్ము నడుమ నున్న బిళ్ల ఇరుసు చివరనుండు హబ్బునకు ఆనుకొని, నట్టులతో బిగింపబడును. ఆనుకొను ఆ చదునైన ముఖమును “ఆనుడు ముఖము” అని పిలుచుకొందము. రిమ్ము వెడల్పును సరిగా రెండు సమభాగములుగా ఖండించునట్టి గీతను ఊహింపుడు. దానిని “మధ్యగీత” యందము. ఈ రెండింటిని మనస్సున నిలుపుకొన్నచో తక్కినదంతయు సులభము.

వెడల్పు అనగానేమి?

రిమ్ము వెడల్పును అంగుళములలో చెప్పుదురు. దీనిని రిమ్ము వెలుపలి అంచు నుండి వెలుపలి అంచు వరకు కొలువరు. టైరు అడుగు అంచులు కూర్చుండు చోటుల నడుమ, అనగా రెండు ప్రక్కలనున్న గోడల లోపలివైపున కొలుతురు. కావున ఒక రిమ్ము “5.5 జె” అని చెప్పబడినచో, దాని మొత్తము వెడల్పు అంచుల మందముతో కలిసి దాదాపు 6.5 అంగుళములుండును. “జె” అను అక్షరము అంచు ఆకారమును తెలుపు గుర్తు. ఒక అంగుళము 25.4 మిల్లీమీటరులని మీరెరుగుదురు.

ఆఫ్‌సెట్ అనగానేమి?

మధ్యగీతకును ఆనుడు ముఖమునకును నడుమనున్న ఎడమే ఆఫ్‌సెట్. దీనిని మిల్లీమీటరులలో చెప్పుదురు. పెక్కు రిమ్ములపై ఇ.టి. అను రెండు ఇంగ్లీషు అక్షరముల ప్రక్కన ఈ సంఖ్య అచ్చొత్తబడియుండును.

ఆనుడు ముఖము మధ్యగీతకు వెలుపలివైపున, అనగా వీధివైపున ఉన్నచో ఆఫ్‌సెట్ ధనసంఖ్య; అట్టి చక్రము బండి లోపలికి ఒదిగియుండును. ఆనుడు ముఖము సరిగా మధ్యగీతపైననే యున్నచో అది సున్న. ఆనుడు ముఖము మధ్యగీతకు లోపలివైపున, అనగా ఇంజనువైపున ఉన్నచో అది ఋణసంఖ్య. అట్టి చక్రము వెలుపలికి పొడుచుకొని వచ్చును. ఆ బాలుని కాగితముపైనున్న తీసివేత గుర్తునకు ఇదియే అర్థము.

రెండు సూత్రములు

ఆనుడు ముఖము నుండి రిమ్ము లోపలి అంచు ఎంత దూరమున్నదో తెలియవలెనన్న, వెడల్పులో సగమునకు ఆఫ్‌సెట్టును కూడవలెను. వెలుపలి అంచు ఎంత దూరమున్నదో తెలియవలెనన్న, వెడల్పులో సగము నుండి ఆఫ్‌సెట్టును తీసివేయవలెను. ఋణసంఖ్యను తీసివేయుట యనగా కూడుటయే యని బీజగణితమున చదివినది ఇచట అక్కరకు వచ్చును.

ఒక నిజమైన బండిని తీసికొందము. ఆ రైతు వాడునది 2023 జూన్ నెలలో మన దేశమున విక్రయమునకు వచ్చిన ఐదు తలుపుల మారుతి సుజుకి జిమ్నీ. నాలుగు చక్రములకును ఇంజను బలము నందింపగల బండి యిది. దానితో వచ్చు రిమ్ము 15 అంగుళముల వ్యాసము, 5.5 అంగుళముల వెడల్పు, +5 మిల్లీమీటరుల ఆఫ్‌సెట్ గలది. టైరు 195/80 ఆర్ 15. ఏ బండికైనను ఈ సంఖ్యలను రిమ్ముపైనను టైరుపైనను చదివి సరిచూచుకొనిన పిమ్మటనే లెక్కకు పూనుకొనవలెను.

మూల చక్రము: 5.5 అంగుళములు 139.7 మిల్లీమీటరులు, అందు సగము 69.85. లోపలి అంచు 69.85 + 5 = 74.85. వెలుపలి అంచు 69.85 − 5 = 64.85.

అంగడివాడు చూపిన చక్రము: 8 అంగుళములు 203.2 మిల్లీమీటరులు, అందు సగము 101.6. లోపలి అంచు 101.6 − 19 = 82.6. వెలుపలి అంచు 101.6 + 19 = 120.6.

ఇపుడు భేదము చూడుడు. క్రొత్త రిమ్ము లోపలికి 7.75, వెలుపలికి 55.75 మిల్లీమీటరులు జరిగినది. రెండింటిని కూడినచో 63.5, అనగా సరిగా రెండున్నర అంగుళములు. వెడల్పు పెరిగినదియు రెండున్నర అంగుళములే గదా! ఈ విధముగా మీ లెక్కను మీరే సరిచూచుకొనవచ్చును.

ఆఫ్‌సెట్టును మార్చక వెడల్పును మాత్రము 8 అంగుళములకు పెంచియుండినచో ఏమగును? పెరిగినదానిలో సగము, అనగా 31.75 మిల్లీమీటరులు లోపలికి పోవును. అపుడు టైరు లోపలనున్న కడ్డీలకు తగులును. అందుచేతనే వెడల్పైన రిమ్ములను ఋణ ఆఫ్‌సెట్టుతో చేయుదురు. వెడల్పు, ఆఫ్‌సెట్ అనునవి కవలల వంటివి. ఒకదానిని విడిచి మరియొకదానిని ఎన్నుకొనుట కుదరదు.

టైరును గూర్చి

టైరుపైనున్న 195/80 ఆర్ 15 అను వ్రాతలో 195 అనునది టైరు అడ్డుకొలత, మిల్లీమీటరులలో. 80 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ కొలతలో నూటికి ఎనుబది పాళ్లు. 15 అనగా రిమ్ము వ్యాసము అంగుళములలో. ప్రక్కగోడ 156, రెండు గోడలు 312, రిమ్ము వ్యాసము 381, మొత్తము టైరు వ్యాసము 693 మిల్లీమీటరులు. ఇట్లే 235/75 ఆర్ 15 టైరునకు లెక్కించినచో 733.5 వచ్చును. అనగా టైరు నూటికి దాదాపు 5.8 వంతున పెద్దదైనది.

దీని ఫలితములు రెండు. మొదటిది, వేగమును చూపు ముల్లు తక్కువ చూపును. ముల్లు గంటకు 60 కిలోమీటరులని చూపునపుడు బండి నిజముగా 63.5 కిలోమీటరుల వేగమున పోవుచుండును. రెండవది, పెద్ద చక్రమును త్రిప్పుటకు ఇంజను ఎక్కువ శ్రమపడును. ఆపుటకు బ్రేకు ఎక్కువ శ్రమపడును. కొండదారిలో దిగునపుడు ఇది తెలియవచ్చును.

ఒక టైరు ఏ రిమ్ముపైనను కూర్చుండదు. ప్రతి కొలతకును టైరు తయారీదారులు ఇంతనుండి ఇంతవరకు వెడల్పని పట్టికలో నిర్ణయించియుందురు. 215/75 ఆర్ 15 టైరునకు సాధారణముగా 5.5 నుండి 7 అంగుళములు. 235/75 ఆర్ 15 టైరునకు 6 నుండి 8 అంగుళములు. అంగడివాడు చూపిన జత ఆ హద్దు చివర నున్నది. రిమ్ము అర అంగుళము వెడల్పైన కొలది టైరు అడ్డుకొలత దాదాపు 5 మిల్లీమీటరులు పెరుగును. టైరు మరీ వెడల్పైన రిమ్ముపై ఉన్నచో ప్రక్కగోడ బిగియలాగబడి, రిమ్ము అంచు రాళ్ల దెబ్బకు ఎదురుగా నిలుచును. ఇసుకలోనో బురదలోనో గాలి తగ్గించి నడుపవలసి వచ్చినపుడు, వెడల్పు తక్కువైన రిమ్మే టైరు అంచును గట్టిగా పట్టియుంచును. బురదకొరకై వెడల్పు రిమ్ము కోరువారు ఈ మాటను తప్పక ఆలోచింపవలెను.

వెలుపలికి జరిగిన చక్రము చేయు పని

“లోపల తగులలేదు, వెలుపలికి వచ్చిన నష్టమేమి?” అని కొందరందురు. నష్టములు మూడు.

మొదటిది హబ్బులోని బేరింగులపై పడు భారము. మన ఉదాహరణలో ఆఫ్‌సెట్ +5 నుండి −19 కి మారినది; అనగా మధ్యగీత 24 మిల్లీమీటరులు వెలుపలికి జరిగినది. ఒక చక్రముపై 350 కిలోల బరువున్నదనుకొనుడు. బరువును దూరముతో హెచ్చింపగా 8.4 వచ్చును. అనగా ఒక మీటరు పొడవుగల కడ్డీ చివర 8.4 కిలోల రాతిని రేయింబవళ్లు వ్రేలాడదీసినంత వంపు బలము ఆ హబ్బుపై అదనముగా పడుచుండును. గుంటలో పడినపుడు ఆ బలము ఇంకను హెచ్చును. బేరింగులు కాలమునకు ముందే అరుగుటకు ఇదియొక కారణము. బావిగిలక నుండి చేద తోడువారు చేతిని దేహమునకు దగ్గరగా ఉంచుకొందురేగాని చాచి తోడరు, కారణమొక్కటే.

రెండవది స్టీరింగు. ముందు చక్రము తిరుగునట్టి అక్షము నేలను తాకు చోటునకును, టైరు నేలను తాకు మధ్యభాగమునకును కొంత ఎడముండును. చక్రము వెలుపలికి జరిగిన కొలది ఆ ఎడము పెరుగును. అపుడు ఒక చక్రము రాతికి తగిలినచో స్టీరింగు చేతిలో విదిలించుకొనును. ఒక ప్రక్క బ్రేకు ఎక్కువ పట్టినచో బండి ఆ ప్రక్కకు లాగును. నిలిచియున్న బండిలో స్టీరింగు త్రిప్పుటయు బరువగును.

మూడవది మడ్‌గార్డులకు తగులుట. వెడల్పు తక్కువైన తలుపు చిన్న వలయముగాను, వెడల్పైన తలుపు పెద్ద వలయముగాను తిరుగును గదా! వెలుపలికి జరిగిన టైరు అంచు కూడ స్టీరింగు పూర్తిగా త్రిప్పినపుడు పెద్ద వలయముగా తిరిగి, ముందునున్న బంపరునకో వెనుకనున్న మడ్‌గార్డు లోతట్టునకో తగులును. నేరుగా నిలిపిన బండిలో ఇది కానరాదు. అదియుగాక మడ్‌గార్డును దాటి వచ్చిన టైరు బురదను, రాళ్లను వెనుకవచ్చు వారిపైకి చిమ్మును.

ఋణ ఆఫ్‌సెట్టున ఒక మేలు కూడ కలదని న్యాయముగా చెప్పవలెను. రెండు చక్రముల నడిమి వెడల్పు పెరుగును. మన ఉదాహరణలో 48 మిల్లీమీటరులు. ప్రక్కవాలునందు బండికి కొంత నిలుకడ హెచ్చును. కాని పెద్ద టైరుల వలన బండి ఎత్తు కూడ పెరుగునుగనుక ఆ మేలులో కొంత తిరిగిపోవును.

బోల్టులు పడినంత మాత్రమున చాలదు

అంగడివాని మాటలో సగము నిజమున్నది. బోల్టుల వలయము సరిపోవలెను. జిమ్నీకి ఐదు బోల్టులు 139.7 మిల్లీమీటరుల వ్యాసముగల వలయముపై నున్నవి. ఐదు రంధ్రములున్నపుడు ఎదురెదురు రంధ్రములుండవు గనుక వ్యాసమును నేరుగా కొలువలేము. ప్రక్కప్రక్కనున్న రెండు రంధ్రముల మధ్యబిందువుల దూరమును కొలిచి 0.588 చే భాగింపవలెను. 82.1 మిల్లీమీటరులు వచ్చినచో వలయవ్యాసము దాదాపు 139.7 అగును. పదవ తరగతివారు త్రికోణమితిలో 36 డిగ్రీల జ్యా విలువ చూచినచో ఈ 0.588 ఎచటనుండి వచ్చినదో గ్రహింతురు.

దీనితోపాటు నడిమి రంధ్రము హబ్బుపై సరిగా కూర్చుండవలెను. నట్టు క్రిందిభాగపు ఆకారము, అనగా శంఖాకారమో గుండ్రమో చదునో, రిమ్ములోని గుంటకు సరిపోవలెను. రిమ్ము మోయగల బరువు దానిపై ముద్రింపబడియుండవలెను. తీరా సరిపోని ఆఫ్‌సెట్టును సరిచేయుటకై నడుమ లోహపు బిళ్లలు పెట్టుదురు. అవియు చక్రమును వెలుపలికి నెట్టునవే కనుక పై నష్టములన్నియు వానికిని వర్తించును.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా, తయారీదారు నిర్ణయించినదానిని మించి బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయమునే దృఢపరచినది. కావున చక్రముల కొలత మార్చువారు ముందుగా రవాణా కార్యాలయమునందు విచారించి, బీమా సంస్థకు వ్రాతమూలకముగా తెలుపుట మంచిది. ప్రమాదము జరిగిన పిమ్మట వాదించుటకంటె ముందు అడుగుట మేలు.

పాఠశాల ఆవరణములో పరీక్ష

ఆ ఆదివారము రైతు తన బండిని మా పాఠశాల ఆవరణమునకు తెచ్చెను. అంగడినుండి ఒక చక్రమును ఒకదినపు మాటపై తెచ్చియుండెను. విద్యార్థులు పదునొకండుగురు పొడవైన బద్ద, కొలబద్ద, దారపు గుండు, కొంత బంకమట్టి తీసికొని సిద్ధమైరి.

మొదట చక్రమును వీధిముఖము నేలకు ఆనునట్లు గోనెసంచిపై పరుండబెట్టి, లోపలి అంచులపై అడ్డముగా బద్దను వేసి, బద్ద నుండి ఆనుడు ముఖము వరకు లోతును కొలిచితిమి. ఆ లోతునుండి రిమ్ము మొత్తము వెడల్పులో సగమును తీసివేసినచో ఆఫ్‌సెట్ వచ్చును. మొత్తము వెడల్పు 9 అంగుళములు, అనగా 228.6, అందు సగము 114.3. లోతు 95 మిల్లీమీటరులకు కొంచెము పైన. తీసివేయగా −19 వచ్చినది. కాగితముపై సంఖ్య నిజమే.

పిమ్మట ఒక ముందు చక్రమును మార్చి స్టీరింగును రెండు ప్రక్కలకును చివరివరకు త్రిప్పి చూచితిమి. నేలపై నిలిచియున్నపుడు తగులలేదు. రైతు ముఖము వికసించెను. తరువాత ఆ ప్రక్క చక్రమును దిట్టమైన మెట్టుపైకి ఎక్కించి, స్ప్రింగు లోనికి అణగునట్లు చేసి, మడ్‌గార్డు లోతట్టున బంకమట్టి ముద్దలనుంచి మరల మెల్లగా త్రిప్పించితిమి. వెనుకవైపు ముద్ద అణగిపోయి, టైరు గుర్తులు దానిపై అచ్చుపడెను. దారపు గుండు వ్రేలాడదీయగా టైరు మడ్‌గార్డును దాటి వెలుపలికి వచ్చియుండెను.

రైతు ఆ మట్టిముద్దను చేతిలోనికి తీసికొని కొంతసేపు చూచెను. “అంచెట్టి కనుమలో, బండినిండ జనమున్నప్పుడు ఇది తగిలియుంటే?” అనెను. ఎవరును బదులు చెప్పలేదు.

అపుడు విద్యార్థులు మరియొక లెక్క వేసిరి. 6 అంగుళముల వెడల్పు, సున్న ఆఫ్‌సెట్ గల రిమ్ము: సగము 76.2, లోపలి అంచు 76.2, వెలుపలి అంచును 76.2. లోపలికి 1.35, వెలుపలికి 11.35 మిల్లీమీటరులు మాత్రమే జరుగును. దానిపై 215/75 ఆర్ 15 టైరు వ్యాసము 703.5, పెరుగుదల నూటికి ఒకటిన్నర వంతు. బేరింగుపై పెరుగు వంపు బలము మునుపటి దానిలో అయిదవ వంతు కంటె కొంచెమెక్కువ. బురదకు కావలసినది రిమ్ము వెడల్పు కాదు, లోతైన గాళ్లు గల టైరు. దిగబడుచోట గాలి తగ్గించి, తారుదారి చేరగానే తిరిగి నింపుకొనుట అనియు చెప్పితిమి.

రైతు అంగడి చక్రమును తిరిగి ఇచ్చివేసెను. మూల రిమ్ములనే యుంచుకొని, బురదకు తగిన టైరులను మాత్రము రవాణా కార్యాలయమున విచారించి కొనెదనని చెప్పి, మిగిలిన సొమ్మును కుమారుని చదువునకు దాచుకొనెను. పోవుచు, “తెలుగులో చదివితే ఇంజను పనులు రావని మావాళ్లంటారు, అయ్యవారూ! ఈ లెక్క వీడు నాకు తెలుగులోనే చెప్పినాడు. నాకు అర్థమైనది” అనెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది.

అభ్యాసములు

1. ఒక రిమ్ము మొత్తము వెడల్పు 8 అంగుళములు. లోపలి అంచునుండి ఆనుడు ముఖము లోతు 4 అంగుళములు. ఆఫ్‌సెట్ ఎంత?

2. 5.5 అంగుళముల వెడల్పు, +5 ఆఫ్‌సెట్ గల రిమ్మునకు బదులు 7 అంగుళముల రిమ్మును, లోపలి అంచు కదలకుండ అమర్పవలెను. దాని ఆఫ్‌సెట్ ఎంత ఉండవలెను? వెలుపలికి ఎంత జరుగును?

3. 205/70 ఆర్ 15 టైరు వ్యాసమును కనుగొనుడు.

4. మీ ఇంటనో, ఇరుగుపొరుగుననో ఉన్న బండి రిమ్ముపైనను టైరుపైనను గల సంఖ్యలను వ్రాసికొని, వాని అర్థములను మీ తల్లిదండ్రులకు తెలుగులో వివరింపుడు.

జవాబులు: 1) సున్న. 2) దాదాపు −14, వెలుపలికి 38.1 మిల్లీమీటరులు. 3) 668 మిల్లీమీటరులు. నాలుగవదానికి జవాబు మీ ఇంటనే దొరకును.